నగరపు నడిబొడ్డు – దాని పునరుద్ధరణము

మన పిల్లలకు భూగోళ పాఠములలో నదులను, పర్వతములను, రాజధానులను గూర్చి బోధింతుము. తాము పుట్టి పెరుగుచున్న పట్టణము ఎట్లు ఏర్పడినదో, అందు కొన్ని వీథులు కళకళలాడుచుండగా మఱికొన్ని ఎందుకు శిథిలమగుచున్నవో, వానిని బాగుచేయుటకు పెద్దలు ఏ యుపాయములు పన్నుచున్నారో విపులముగా చెప్పు అవకాశము మాత్రము ఏ తరగతిలోను చిక్కదు. ఇది ఇంజనీర్లకును, అధికారులకును సంబంధించిన విషయమని తల్లిదండ్రులును తలంచుట కలదు. కాని పట్టణపు నడిబొడ్డును మార్చునపుడు మొదట కదలునవి ఇండ్లు. ఇండ్లతో కదలునవి కుటుంబములు. కుటుంబములతో కదలునవి బడులు. వ్యాసర్పాడివంటి పేటలో అల్పసంఖ్యాకుల భాషను బోధించు పాఠశాలకు పిల్లలను పంపు తల్లిదండ్రులు ఈ విషయము నెఱిగియుండుట అవసరము. కావున దీనిని ఒక పాఠముగా, క్రమముగా చదువుకొందము.

1. నడిబొడ్డు అననేమి?

ప్రతి పట్టణమునకును ఒక పుట్టుచోటు కలదు. వర్తకము, రేవు, న్యాయస్థానము, దేవాలయము, బండ్లు ఆగు తావు – ఇవన్నియు ఒకదానికొకటి చేరువలో కుదురుకొన్న భాగమునే నడిబొడ్డు అందురు. అది పటములో సరిగా నడుమనుండ నక్కఱలేదు. చెన్నపట్టణపు నడిబొడ్డు పట్టణపు తూర్పుటంచున, సముద్రపు టొడ్డున ఉన్నది. అదియే నేటి జార్జిటౌను.

1639లో ఈస్టిండియా కంపెనీవారు ఈ తీరమున స్థలము సంపాదించినది దామెర్ల నాయకులయొద్ద. ఆ నాయకుల తండ్రియగు చెన్నప్ప నాయకుని పేరనే చెన్నపట్టణ మేర్పడినదని ప్రసిద్ధి. కోటకు ఉత్తరమున నేతగాండ్రు, అద్దకపువారు, దుబాసీలు, కోమట్లు వచ్చి స్థిరపడిరి. 1746లో ఫ్రెంచివారు పట్టణమును పట్టుకొని కోట దాపుననున్న ఇండ్లను కూల్చిరి. పిమ్మట ఇంగ్లీషువారు కోటనుండి ఫిరంగులు పేల్చుటకు అడ్డులేకుండ చేయనెంచి మిగిలినదానిని నేలమట్టము చేసిరి. నేడు ఉన్నతన్యాయస్థానము నిలిచియున్నది ఆ పాత ఊరి నేలమీదనే. అందున్న చెన్నకేశవస్వామి గుడియు పోయెను. దానికి బదులుగా దేవరాజ మొదలి వీథిలో చెన్నకేశవ, చెన్నమల్లీశ్వర ఆలయములు వెలసెను. జనులు ఉత్తరమునకు జరిగి ముత్యాలపేటలోను, పెద్దనాయకునిపేటలోను ఇండ్లు కట్టుకొనిరి. ఆ రెండు పేటల నడుమనున్న కాలువను పూడ్చి వేసిన బాటయే బ్రాడ్వే.

ఈ చరిత్రలో మనకు మొదటి పాఠమున్నది. ఊరు కూలినను ఊరివారు చెదరిపోలేదు. వృత్తి, బంధుత్వము, గుడి, భాష – ఇవి కలసి కదలినందున కొద్ది దూరమున అదే ఊరు మఱల లేచి నిలిచినది. ఊరనగా గోడలు కావు, కలసియుండు జనులు అను సంగతిని జ్ఞాపకముంచుకొందము. ఈ వ్యాసము చివర దానితో పని గలదు.

ఆ పేటలలో తెలుగువారి చరిత్రయు పెనవేసికొని యున్నది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో వారపత్రికగా ప్రారంభించిన ఆంధ్రపత్రికను 1914లో చెన్నపురికి తెచ్చి దినపత్రికను చేసిరి. దాని కార్యాలయము తంబుచెట్టి వీథిలోనిది. పొట్టి శ్రీరాములుగారు 1901లో జన్మించినది జార్జిటౌనులోని అణ్ణాపిళ్ల వీథిలో. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడి, పట్టణము మదరాసు రాష్ట్రమందే యుండిపోయినపుడు, ఇచ్చటి తెలుగువారు భాషాల్పసంఖ్యాకులైరి. అయినను తమ వీథులను, వృత్తులను విడిచి పోలేదు.

2. నడిబొడ్డు ఎందుకు శిథిలమగును?

క్షీణతకు ఒకే కారణముండదు. నాలుగైదు కారణములు కలసినపుడు ఒకదాని నొకటి బలపఱచును.

మొదటిది నివాసము సరకునకు లోబడుట. జార్జిటౌనులో వీథికొక వర్తకము కుదిరినది. గోడౌను వీథి బట్టలకు, ఆండర్సన్ వీథి కాగితమునకును పెండ్లి శుభలేఖలకును, దేవరాజ మొదలి వీథి గాజుసామానునకు పేరుగాంచినవి. సరకు పెరిగినకొలది క్రిందియంతస్తు దుకాణమగును, పైయంతస్తు గోదామగును. కుటుంబము వెళ్లిపోవును. పగలు ఇసుక వేసిన రాలని జనము, రాత్రి నిర్మానుష్యము. రాత్రి మనుష్యులులేని వీథిలో మురుగు పొంగినను, గోడ బీటలు వాఱినను అడుగువాడుండడు.

రెండవది అద్దెల చిక్కు. 1960లో వచ్చిన అద్దె నియంత్రణ చట్టము అద్దెకుండువారిని అన్యాయమైన తొలగింపునుండి కాపాడినది, అది మేలే. కాని దశాబ్దములపాటు అద్దె పెరుగనిచోట యజమాని మరమ్మతు మానివేసెను. ఒక ఇంటికి పదిమంది వారసులున్నచో ఎవరును ముందుకు రారు. ఇట్లు యజమానికి ఆసక్తియు, అద్దెదారునకు అధికారమును లేక ఇల్లు క్రుంగిపోవును. ఆ చట్టమునకు బదులు 2017లో చేసిన కొత్త చట్టము 2019లో అమలులోనికి వచ్చినది.

మూడవది భూమిక్రింద కనబడని పనులు. నీటి గొట్టములు, మురుగుకాలువలు కొద్ది జనాభా నుద్దేశించి వేసినవి. పైన కట్టడములు హెచ్చినను క్రింద అవి హెచ్చవు. నాలుగవది రాకపోకల ఒత్తిడి. రేవునుండి వచ్చు సరకును, చిల్లర వర్తకమును, న్యాయస్థానమునకు వచ్చు జనమును ఒకే ఇఱుకు సందులలో నడువవలసి యున్నది. ఐదవది వృత్తుల పతనము. పెరంబూరు, పుళియాన్తోపు ప్రాంతములవారికి తరతరములు అన్నము పెట్టిన బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లులు 1996లో మూతపడినవి. 1918లో మదరాసు లేబర్ యూనియను పుట్టినది ఆ మిల్లు కార్మికుల మధ్యనే. పని పోయినపుడు పేట కూడ వాడును. మిల్లు నేలలో తరువాత బహుళాంతస్తుల నివాససముదాయములు లేచినవి. కాని మిల్లులో పనిచేసిన కుటుంబములకు అట్టి ఇండ్లు కొనుట ఎంతమాత్రము సాధ్యమో మనము ఊహింపవచ్చును.

3. మూడు మార్గములు

శిథిలమైన భాగమును బాగుచేయుటకు లోకమున ముఖ్యముగా మూడు మార్గములు కానవచ్చుచున్నవి.

మొదటి మార్గము కూల్చి కట్టుట. 1853 నుండి 1870 వఱకు పారిస్ నగరాధికారియగు హాస్మన్ పాత సందులను చీల్చి విశాలమైన రాజవీథులు వేయించెను. భూగర్భమున గొప్ప మురుగుకాలువలను, నీటి మార్గములను నిర్మించెను. నేటి పారిస్ అందము, ఆరోగ్యము చాలవఱకు ఆ కాలపు పనియే. కాని నడిబొడ్డున అద్దెకుండిన పేదలు, కూలివాండ్రు కొత్త అద్దెల నీయలేక నగరపు టంచులకు పోవలసివచ్చెను. వీథి వెడల్పు కనులకు కనబడును. వెడలిపోయినవారి సంఖ్య కనబడదు.

రెండవ మార్గము ఒత్తిడిని కలిగించు పనిని వేఱొక చోటికి తరలించుట. సంతను, బస్సులు నిలుచు తావును, గోదాములను ఊరి వెలుపలకు పంపి నడిబొడ్డునకు ఊపిరి యిచ్చుట దీని యుద్దేశము.

మూడవ మార్గము ఉన్నదానిని ఉన్నచోటనే మెల్లగా బాగుచేయుట. దీనిని మన దేశమున గట్టిగా బోధించినవాడు స్కాట్లండు దేశీయుడగు పాట్రిక్ గెడ్డిస్. ఈయన రాక ఒక చిత్రమైన కథ. పట్టణముల నిర్మాణమును గూర్చి ఈయన సేకరించిన ప్రదర్శన వస్తువులు 1914లో ఓడలో వచ్చుచుండగా ఎమ్‌డెన్ అను జర్మను యుద్ధనౌక ఆ ఓడను ముంచివేసెను. 1914 సెప్టెంబరు 22న మన చెన్నపట్టణముపై గుండ్లు కురిపించినదియు ఆ ఎమ్‌డెనే. మిత్రులు క్రొత్త వస్తువులను సమకూర్చి పంపగా 1915 జనవరిలో చెన్నపురి సెనేట్ హాలులో ప్రదర్శన జరిగెను. గెడ్డిస్ తంజావూరు, మధుర మొదలగు పట్టణముల సందులలో కాలినడకను తిరిగి ప్రభుత్వమునకు నివేదికలు వ్రాసెను. ఆయన సిద్ధాంతమిది: వైద్యుడు రోగనిర్ణయము చేయక మందీయనట్లే, పట్టణమును పరిశీలింపక కూల్చరాదు. పూర్తిగా పాడైన ఒకటి రెండు ఇండ్లను మాత్రము తీసి, అచ్చట ఖాళీస్థలము, చెట్టు, బావి ఏర్పఱచి, తక్కిన ఇండ్లకు గాలి వెలుతురు కల్పింపవచ్చును. నేరుగా పెద్దబాట వేయుటకంటె ఇది చాల తక్కువ ఖర్చుతో తీరును. ఇండ్లు పోగొట్టుకొనువారును కొద్దిమందియే. ఆ యూహల ప్రభావమున్న కాలముననే, 1920లో, మదరాసు పట్టణ నిర్మాణ చట్టము వచ్చెను.

ఇటలీ దేశమున బొలోన్యా అను నగరము 1973లో ఈ మార్గమునే మఱింత ముందునకు తీసికొనిపోయెను. పాత ఇండ్లను బాగుచేయుటయే కాక, అందు నివసించు కార్మికులను, వృద్ధులను అచ్చటనే యుంచుటకు ప్రభుత్వ గృహనిర్మాణ నిధులను వినియోగింప నిశ్చయించెను. ఇండ్లను స్వాధీనము చేసికొను యత్నమునకు యజమానులు అడ్డుపడగా, వారితో ఒడంబడికలు చేసికొని పని సాగించెను. కట్టడమును కాపాడి జనులను పోగొట్టుకొన్నచో కాపాడినట్లు కాదని ఆ నగరము లోకమునకు చూపెను.

తెలుగునాట హైదరాబాదు ఉదాహరణము వేఱొక సంగతిని నేర్పును. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి నగరము నడుమ వేలకొలది ప్రాణములను బలిగొన్నది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై మొదట నదిని అదుపు చేయుటకు జలాశయములను తలపెట్టిరి. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు అట్లు ఏర్పడినవే. అదే కాలమున నగరాభివృద్ధి మండలి ఏర్పడి ఇఱుకు వాడలను బాగుచేసి, పత్తర్‌గట్టివంటి అంగడి వీథిని కట్టించెను. నీరు ముందు, అలంకారము తరువాత అనునది ఆ పనిలోని సూత్రము. వాన వచ్చినపుడు గణేశపురం సొరంగపుబాట నీట మునుగుట నెఱిగిన మనకు ఈ సూత్రమును విప్పి చెప్ప నక్కఱలేదు.

4. చెన్నపురి అనుభవము

మన పట్టణము ఈ మార్గములన్నింటిని కొంతకొంత పరీక్షించి చూచినది.

కొత్వాల్ చావడి అనిన మన పెద్దలకు తెలియనిది కాదు. దక్షిణదేశమున పేరుగాంచిన కూరగాయల సంత అది. సందులలో బండ్లు ఇఱుకుకొని, కుళ్లిన ఆకులు గుట్టలుపడి, పని దుర్భరమైనపుడు 1996లో టోకు వర్తకమును కోయంబేడునకు తరలించిరి. అచ్చట 295 ఎకరముల విశాలస్థలమున సంత వెలసినది. 2002లో బ్రాడ్వేనుండి దూరప్రాంతపు బస్సులును కోయంబేడు చేరెను. 2018నుండి ఆంధ్ర, తెలంగాణములకు పోవు బస్సులకు మాధవరము స్థానమైనది. లారీలకు చోటు దొరకినది, సరకునకు నీడ దొరకినది, ఇది లాభము. కాని జార్జిటౌనులో కూరగాయలు పోయిన చోట ఇతర సరకులు నిండినవి, రద్దీ తీరలేదు. బుట్టలు మోసి, తోపుడుబండి నడపి బ్రతికినవారు పనికొఱకు పట్టణమునకు పడమటికొసకు పోవలసివచ్చెను. తరలించుట సులభము, ఖాళీయైన చోటును దేనికి వినియోగింపవలెనో ముందుగా నిర్ణయించుట కష్టము.

మూర్ మార్కెట్టు సంగతియు ఇట్టిదే. 1900లో తెఱచిన ఆ అందమైన కట్టడము 1985లో అగ్నికి ఆహుతియయ్యెను. ఆ స్థలము రైల్వే నిలయమునకు పోయెను. పాతపుస్తకముల వర్తకులకు సమీపముననే వేఱొక సముదాయములో అంగళ్లు కట్టియిచ్చిరి. అంగడి దొరకినది గాని, రైలు దిగినవారు నడచుచు తిరిగి చూచు ఆ వాలకము తిరిగిరాలేదు.

ఇక నివాసముల విషయము. 1970లో తమిళనాడు మురికివాడల నిర్మూలన మండలి ఏర్పడెను. పట్టణమున 1202 మురికివాడలున్నట్లు ఆ తొలినాళ్లలో లెక్క తేలెను. మొదట మండలి ఉన్నచోటనే అంతస్తుల ఇండ్లు కట్టెను. 1977లో ప్రపంచబ్యాంకు సహాయముతో మొదలైన పథకమున అరుంబాక్కం, విల్లివాక్కం, మన పొరుగునున్న కొడుంగైయూరులలో నీరు, మురుగు, బాట కల్పించిన స్థలములను పేదలకు పంచి, ఇల్లు వారే శక్తికొలది కట్టుకొనునట్లు చేసిరి. ఒక గదితో మొదలైన ఇల్లు కొడుకు పెద్దవాడగుసరికి రెండు గదులగుట ఇందలి సౌలభ్యము. 2000 తరువాత మాత్రము అనేక వేల కుటుంబములను నడిబొడ్డునుండి ఇరువది కిలోమీటర్లకు మించిన దూరమున కణ్ణగినగరు, సెమ్మంచేరి, పెరుంబాక్కములకు తరలించిరి. గోడ, కప్పు గల ఇల్లు లభించినది. పనికి, ఆస్పత్రికి, పాత బడికి దూరము పెరిగినది. అనేకుల పిల్లల చదువు ఆ సంవత్సరముననే తెగినది.

ఇంత చెప్పినంతమాత్రమున పాతదంతయు మంచిదని తలంపరాదు. 2021 డిసెంబరు 27న తిరువొత్తియూరులో మండలివారి పాత ఇండ్ల సముదాయమొకటి కూలెను. బీటలను ముందే గమనించి జనులు వెలుపలికి వచ్చినందున ప్రాణనష్టము తప్పెను. అదే సంవత్సరము పుళియాన్తోపున కె.పి. పార్కునందు కొత్తగా కట్టిన ఇండ్ల గోడపూత చేతితో రాలుచున్నదని గోల పుట్టగా, ఐ.ఐ.టి. నిపుణులచే పరీక్ష చేయించిరి. ఆ సంవత్సరమే మండలి పేరు నగర నివాసాభివృద్ధి మండలిగా మార్చబడెను. పాత ఇల్లు ప్రమాదము కావచ్చును. కొత్త ఇల్లును లోపభూయిష్టము కావచ్చును. కావున "కూల్చవద్దు" అనుటయు, "కూల్చుడు" అనుటయు పరిష్కారములు కావు. ఎవరు, ఎక్కడ, ఎంతకాలము, ఏ పూచీతో అను ప్రశ్నలే పరిష్కారమునకు దారి చూపును.

5. ప్రణాళిక తయారగు క్రమము

పట్టణ ప్రణాళిక ఒక్క రోజున ఊడిపడునది కాదు. చెన్నై మహానగరాభివృద్ధి సంస్థ తయారుచేసిన మొదటి బృహత్ప్రణాళిక 1970లనాటిది. రెండవది 2008లో అమలునకు వచ్చినది. దాని గడువు 2026. 2027 మొదలు 2046 వఱకు వర్తించు మూడవ ప్రణాళిక కొఱకు 2022లో ప్రజాభిప్రాయమును సేకరించిరి. ఇవి పట్టణమంతటికి సంబంధించినవి. వీని క్రింద ఒక్కొక్క పేటకు వివరమైన ప్రణాళికలుండును. ఏ నేల నివాసమునకు, ఏది వర్తకమునకు, ఏది పాఠశాలకు, ఏ బాట ఎంత వెడల్పు అను సంగతులు అందు వ్రాయబడును.

క్రమము స్థూలముగా ఇట్లుండును. మొదట పరిశీలన: ఇండ్లెన్ని, జనులెందఱు, వృత్తులేవి, నీరు ఎటు పాఱును. రెండవది ముసాయిదా. మూడవది దానిని ప్రకటించి, నియమితమైన గడువులోపల ప్రజల ఆక్షేపణలను, సూచనలను కోరుట. 1971నాటి తమిళనాడు నగర గ్రామ ప్రణాళిక చట్టము దీనిని విధించుచున్నది. నాల్గవది సవరించి ఆమోదించుట. ఐదవది నిధులు, నిర్మాణము. ఈ ఐదింటిలో ప్రజలకు చట్టమే తలుపు తెఱచియుంచినది మూడవ మెట్టునొద్ద. మన వారిలో అనేకులు మేల్కొనునది ఐదవ మెట్టునొద్ద, యంత్రము వీథిలో దిగిన పిమ్మట. అప్పుడు మొఱపెట్టుటయే మిగులును, మార్చుట దుస్సాధ్యము. వీథి వర్తకులకును 2014 చట్టమువలన రక్షణ కలదు: వారిని లెక్కించి, గుర్తింపుపత్రములిచ్చి, తావు చూపవలసియున్నది. లెక్కించు దినమున లేనివానికి తావు చిక్కుట కష్టము.

ఉత్తర చెన్నైకి ఇది మిక్కిలి ముఖ్యమైన కాలము. 2023లో 1000 కోట్ల రూపాయలతో ప్రకటింపబడిన ఉత్తర చెన్నై అభివృద్ధి పథకము 2024 మార్చి 14న తంగసాలైయందు 4,181 కోట్ల పనులతో ప్రారంభింపబడెను. బ్రాడ్వే బస్సు నిలయమును, దాని ప్రక్కనున్న కురళగమును కలిపి బహువిధ రవాణా సముదాయముగా కట్టు యోచన సాగినది. 2019 ఫిబ్రవరినుండి హైకోర్టు, మణ్ణడి, వాషర్మన్‌పేట భూగర్భ రైలు నిలయములు తెఱచియున్నవి. నడిబొడ్డునకు డబ్బును, దృష్టియు తిరిగి వచ్చినవి. అవి వచ్చినపుడు నేల విలువ పెరుగును. నేల విలువ పెరిగినపుడు ఆ నేలమీద నున్న బీదవాని స్థానము సన్నగిల్లును. దీనిని అడ్డగించు నియమము ప్రణాళికలోనే యుండవలెను. తరువాత అతికించుట కుదరదు.

6. మన పేటకును, మన బడికిని సంబంధమేమి?

వ్యాసర్పాడి నడిబొడ్డులోనిది కాదు. నడిబొడ్డునకు ఊపిరిపోయు పేట. బేసిన్‌బ్రిడ్జి దాటిన పిమ్మట, రైలుపట్టాలకును కాలువలకును నడుమ ఒదిగియున్నది. దగ్గఱనున్న బకింగ్‌హామ్ కాలువ ఉత్తరమున బాపట్ల జిల్లాలోని పెద్దగంజాము వఱకు సాగినది. ఒకప్పుడు తెలుగునాటి బియ్యము, కట్టెలు పడవలలో ఆ నీటిమీదనే దిగినవి. సరకుతోపాటు మనుష్యులును వచ్చిరి. వారితో భాషయు వచ్చెను. రేవులో, మిల్లులో, రైల్వేలో, పారిశుద్ధ్యపు పనిలో పట్టణమును మోసినవారిలో తెలుగువారు అనేకులు.

భాషాల్పసంఖ్యాకుల పాఠశాలకు ఒక రహస్యమున్నది. దానికి కావలసినది కేవలము అనుమతిపత్రము కాదు. నడచి రాగల దూరమున తగినంతమంది పిల్లలు. ఒక చిన్న లెక్క చూతము. ఒక వాడలో ఆ భాష మాటలాడు కుటుంబములు 90 ఉన్నవనుకొందము. వారిలో బడియీడు పిల్లలు 60మంది. ఒక పాఠశాల నిలుచుటకు ఇది చాలును. ఆ వాడను తొలగించి 30 కుటుంబముల చొప్పున మూడు దూరప్రాంతములకు పంపిరనుకొందము. ఒక్క కుటుంబమునకును ఇల్లు తగ్గలేదు; నివేదికలో అందఱికిని న్యాయము జరిగినట్లే. కాని ప్రతిచోట పిల్లలు 20మందియే. ఐదు తరగతులకు పంచిన తరగతికి నలుగురు. ఏ చోటను మాతృభాషాతరగతి నడువదు. ఇల్లు లెక్కకు వచ్చినది. బడి లెక్కకు రాలేదు.

రాజ్యాంగము 30వ అధికరణమున అల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలు స్థాపించు హక్కు నిచ్చినది. 1956లో చేర్చిన 350-ఏ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు సౌకర్యములు కల్పింపవలెనని చెప్పుచున్నది. 2009నాటి విద్యాహక్కు చట్టమును అనుసరించిన నియమములు ఇంటికి ఒక కిలోమీటరులోపల ప్రాథమిక పాఠశాల యుండవలెననుచున్నవి. కాని ఆ కిలోమీటరులోపలి బడి బిడ్డ భాషలోనిది కావలెనని ఏ పటమును చూపదు. పటము గీయువానికి భాష కనబడదు. కనబడునట్లు చెప్పుట మన పని.

మొదట చెప్పిన పాఠమును ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొందము. పాత ఊరు కూలినపుడు జనులు కలసి జరిగినందున గుడియు, వర్తకమును, భాషయు నిలిచినవి. కావున తరలింపు తప్పనిసరియైనచోట మనము కోరవలసినది ఇల్లు మాత్రమే కాదు, కలసి కదలుట. ఒక వాడవారిని ఒకేచోట, వీలైనంత చేరువలో ఉంచవలెననుట గొంతెమ్మకోరిక కాదు.

7. తల్లిదండ్రులు అడుగవలసిన ప్రశ్నలు

పేటలో సర్వేక్షణము జరిగినను, ప్రణాళిక ప్రకటింపబడినను, వార్డు సభ కూడినను, ఈ క్రింది ప్రశ్నలను మర్యాదగా, వ్రాతమూలముగా అడుగవలెను.

మా వీథి ప్రణాళికలో దేనికి ఉద్దేశింపబడినది? పటమును మాకు తెలిసిన భాషలో చూపుదురా? ఇండ్లు మఱల కట్టునపుడు అదే స్థలమున మాకు చోటు కలదని వ్రాసియిత్తురా? కట్టు కాలమున ఎక్కడ ఉండవలెను, అద్దెకు ఏమి సహాయము, ఎన్ని మాసములు? తరలింపు విద్యాసంవత్సరము నడుమ కాక వేసవి సెలవులలో జరుపుదురా? పిల్లవాడు పాత బడిలోనే చదువ దలచినచో బస్సు సౌకర్య మేమి? మా పాఠశాల ఏ వాడలనుండి వచ్చు పిల్లలపై ఆధారపడియున్నదో లెక్కలో చేర్చిరా? ఇల్లు కట్టినవారు ఎన్ని సంవత్సరములు మరమ్మతునకు పూచీ?

ఒక్కొక్కరు అడిగిన అర్జీయగును. నూఱుమంది సంతకము చేసిన అభిప్రాయమగును. తమిళ సోదరులకును, ఉర్దూ మాటలాడు పొరుగువారికిని ఇవే కష్టములు. వారితో కలసి అడుగుటయే ఉచితము. వాన మురుగునకు భాషాభేదము తెలియదు.

8. విద్యార్థులకు అభ్యాసము

పై తరగతుల పిల్లలచే ఈ సెలవులలో ఒక పని చేయింపవచ్చును. తమ వీథిని పొడవునా నడచి ఒక పెద్ద కాగితముపై పటము గీయవలెను. ప్రతి యింటి గుఱుతు, కుళాయి, మురుగుమూత, చెట్టు, దుకాణము, వానకు నీరు నిలుచు పల్లము అందు చూపవలెను. పెద్దలను అడిగి ఏ కుటుంబము ఏ ఊరినుండి, ఏ పనికి, ఏ కాలమున వచ్చినదో వ్రాసికొనవలెను. బడికి నడచివచ్చుటకు ఎన్ని నిమిషములు పట్టునో గడియారము చూచి గుర్తింపవలెను. గెడ్డిస్ దొరగారు మధురలోను, తంజావూరులోను చేసినది ఇదియే. దానికి పెద్ద చదువుకంటె ఓపికయే ఎక్కువ కావలెను. పది వీథుల పటములను పాఠశాలలో చేర్చియుంచినచో, రేపు ఎవరైనను ప్రణాళికతో వచ్చినపుడు మన చేతిలోను ఒక పటముండును.

తల్లిదండ్రులారా! పట్టణము మాఱక తప్పదు, మాఱుటయు మంచిదే. బీటలువాఱిన గోడల నడుమ, మోకాటిలోతు నీటిలో మన పిల్లలు పెరుగవలెనని ఎవరును కోరరు. గాలి, వెలుతురు, మంచినీరు గల ఇల్లు వారికి దక్కవలెను. తల్లిభాషలో అక్షరము దిద్దు బడియు దక్కవలెను. ఈ రెంటిలో ఒకదానికొఱకు మఱొకదానిని విడువ నక్కఱలేదని చెప్పగల సమయము ముసాయిదా ప్రకటింపబడిన ఆ కొన్ని దినములే. ఆ దినములలో మేల్కొనియుందుము గాక.